బరటారియా బయూ తీరమున

నదులు సముద్రమును చేరుచోట పుట్టి పెరిగినవారికి ఒక అలవాటు ఉండును. ఏ దేశమునకు పోయినను, అచటి నేల ఎంత ఎత్తున ఉన్నది, నీరు ఎటు పోవుచున్నది అని ముందుగా చూతురు. నేను కోనసీమవాడను. ఏటిగట్టు మీద నిలిచి ఒక ప్రక్క గోదావరిని, రెండవ ప్రక్క గట్టు దిగువనున్న కొబ్బరితోటలను చూచుచు పెరిగినవాడను. అందుచేత 2019వ సంవత్సరము ఏప్రిల్ మొదటి వారమున అమెరికా దక్షిణభాగమునందలి న్యూ ఆర్లీన్స్ నగరమునకు పోయినపుడు, అచటి మేడలకంటె ముందు మిసిసిపీ నది గట్టును చూడవలెనని నా మేనల్లునితో చెప్పితిని.

గట్టెక్కి చూచునప్పటికి నాకు మా ఊరి శ్రావణమాసము జ్ఞప్తికి వచ్చినది. నది అంచులు త్రొక్కుచు పారుచున్నది. బురదరంగు నీటిలో మ్రాకులును కొమ్మలును కొట్టుకొనిపోవుచున్నవి. నదిలో తేలుచున్న ఓడలు మా వెనుకనున్న వీథులకంటె ఎత్తున కనిపించినవి. “చూశావా మామయ్యా, ఇక్కడ నది పైన, ఊరు క్రింద,” అని మేనల్లుడు నవ్వెను. ఆ మాట వాస్తవమే. న్యూ ఆర్లీన్స్ నగరములో సుమారు సగము భాగము సముద్రమట్టమునకు సమానముగనో, అంతకు దిగువగనో ఉన్నది.

ఆ సంవత్సరము మిసిసిపీ వరద అసామాన్యమైనది. నగరమునకు ఎగువన బానె కారే అను పేరుగల మిగులు నీటి మార్గము కలదు. 1927నాటి మహాప్రళయము తరువాత దానిని నిర్మించి, 1931లో పూర్తిచేసిరి. నది మితిమీరినపుడు దాని తలుపులు తీసి, నీటిని ప్రక్కనున్న సరస్సులోనికి వదలుదురు. 2019లో ఫిబ్రవరి 27న తెరచి, ఏప్రిల్ 11న మూసి, మరల మే 10న తెరచిరి. ఒకే సంవత్సరములో రెండుమారులు తెరచుట అదియే మొదటిసారి. నేను చూచినది ఆ మొదటి విడత వరదను. ఆ నీటి రంగును శ్రోతలు మనసున ఉంచుకొనవలెనని కోరుచున్నాను. నేను చెప్పబోవు విషయమంతయు ఆ రంగులోనే ఉన్నది.

మరునాటి ఉదయము మేము నగరమునకు దక్షిణముగా సుమారు 15 మైళ్ల దూరమునందలి బరటారియా రక్షితవనమునకు పోయితిమి. ఇది జాన్ లఫీట్ జాతీయ చారిత్రక ఉద్యానమునందు ఒక భాగము. అమెరికా కాంగ్రెసు 1978లో ఈ ఉద్యానమును ఏర్పరచినది. లఫీట్ అనువాడు పందొమ్మిదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఈ చిత్తడి దారుల మాటున దొంగసరకు రవాణా చేసిన ఓడదొంగ. 1815 జనవరిలో ఇంగ్లీషువారితో జరిగిన న్యూ ఆర్లీన్స్ యుద్ధమున అతడే అమెరికా పక్షమున నిలిచి సాయము చేసెను. వనము విస్తీర్ణము సుమారు 26,000 ఎకరములు. ఇందు వేట లేని భాగములును, లైసెన్సుపై వేట సాగు భాగములును కలవుగాని, చెట్టు నరుకుటకుగాని కట్టడములు కట్టుకొనుటకుగాని ఎవ్వరికిని హక్కు లేదు.

ఇక బయూ అను మాటను గూర్చి చెప్పవలెను. ఇది చోక్టా జాతి ఆదివాసుల పలుకు. ఫ్రెంచివారి నోట నలిగి నేటి రూపము పొందినది. మందముగా కదలు చిన్న యేరునకు ఆ పేరు. మన కోనసీమలో కౌశిక వంటి సన్ననిపాయను ఊహించుకొనినచో కొంతవరకు సరిపోవును. ఈ వనము నడుమనున్న బయూ దె ఫామీ ఒకప్పుడు సాక్షాత్తు మిసిసిపీకి పాయ. సుమారు రెండువేల సంవత్సరముల క్రిందట నది త్రోవ మార్చుకొని ఆ పాయను విడిచినది. నేడు అందు ఆకులు తేలునంతటి నీరు నిలిచియున్నది. ప్రవాహమున్నదా లేదా అని తెలియుటకు ఒక పుల్లను వేసి చూడవలసి వచ్చినది.

మేము నడచిన దారి పేరు బయూ కోకీ. కోకీ అనగా ఫ్రెంచి భాషలో గుల్ల. ఇచటి ఆదివాసులు తరతరములుగా మడుగులలోని ఆలిచిప్పలను ఏరి తిని, గుల్లలను ఒడ్డున పోయగా అవి దిబ్బలైనవి. చిత్తడిలో ఆ దిబ్బలే వారికి నివాసయోగ్యములైన మెరకలు. తరువాత వచ్చినవారు ఇట్టి దిబ్బలలో పెక్కింటిని రహదారులు వేయుటకు తవ్వుకొనిపోయిరి.

దారి మొత్తము సుమారు ఒక మైలు. అందు చాలభాగము నీటిపై వేసిన చెక్కబాట. ఈ ఒక్క మైలులోనే మూడు లోకములు కలవు. మొదటిది మెరక. ఇచట పెద్ద సింధూర వృక్షములు కొమ్మలను నేలదాక వంచి నిలిచియున్నవి. ఆ కొమ్మలనుండి బూడిదరంగు జడలు వ్రేలాడుచుండును. దానిని స్పానిషు నాచు అందురుగాని అది నాచు కాదు. అనాస కుటుంబమునకు చెందిన మొక్క. చెట్టును పీల్చుకొని బ్రతుకునదియు కాదు. గాలిలోని తేమయే దాని ఆహారము. పూర్వము ఆ జడలను ఎండబెట్టి పరుపులలో కూరెడివారు.

కొంత దూరము నడచునప్పటికి సింధూరములు వెనుకబడినవి. విసనకఱ్ఱలవంటి ఆకులుగల పొట్టి తాటిజాతి మొక్కలు దట్టముగా వచ్చినవి. పిమ్మట నేల పూర్తిగా నీటమునిగి, సైప్రస్ చెట్లును టుపెలో చెట్లును కనిపించినవి. ఇది రెండవ లోకము. మేము దిగిన పల్లము మొత్తము కొలిచినచో మనిషి నిలువు కూడ ఉండదు. మన కంటికి సమతలమే. చెట్టుకు మాత్రము ఆ రెండు మూడడుగులు ప్రాణసమానములు. ఎత్తు నొక జానెడు మారినచో అడవి స్వరూపమే మారిపోవును.

ఈ సైప్రస్ చెట్టు విచిత్రమైనది. సూదులవంటి ఆకులుగల జాతిదయ్యు శీతకాలమున ఆకులన్నియు రాల్చును. అందుచేత దానిని బోడి సైప్రస్ అందురు. దాని వేళ్లనుండి మోకాళ్లవంటి బొడిపెలు నీటిపైకి లేచియుండును. దాని కఱ్ఱ చెదపట్టదు, త్వరగా కుళ్లదు. ఆ సుగుణమే దానికి శాపమైనది. 1880 ప్రాంతమునుండి 1930 ప్రాంతమువరకు దక్షిణ లూసియానాలోని పురాతన సైప్రస్ వనములను దాదాపు నిశ్శేషముగా నరికివేసిరి. మేము చూచినవి అటుపిమ్మట మొలిచినవి. వాని నడుమ నల్లనైన పాత మోళ్లు కొన్ని ఇంకను నిలిచియున్నవి. చిన్న గుడిసె పునాది అంతటి వెడల్పుగల ఒక మోడు చుట్టును పసిచెట్లు నిలిచియుండగా, అది బిడ్డలతో కూర్చున్న ముసలమ్మవలె నాకు తోచినది.

ఆ ఉదయము నీలి ఐరిసు పువ్వులు నీటి అంచులవెంట గుంపులు గుంపులుగా పూచియుండెను. లూసియానాలో ఈ పువ్వుల కాలము మార్చి చివరనుండి ఏప్రిల్ నడుమవరకు. తెల్లకొంగలు నీటిలో నిశ్చలముగా నిలిచియున్నవి. ఆకుపచ్చని చెట్టుకప్పలు తాటియాకులను అంటిపెట్టుకొనియుండగా, మేనల్లుడు వ్రేలుతో చూపువరకు నాకు కనబడలేదు. చెక్కబాటకు పది బారల దూరమున ఒక దుంగపై ఎలిగేటరు ఎండ కాచుకొనుచుండెను. మన మొసలికంటె దీని మూతి వెడల్పు. చర్మముకొరకు వేటాడి వేటాడి దీనిని అంతరించు స్థితికి తెచ్చిరి. 1962లో లూసియానా ప్రభుత్వము వేటను నిషేధించినది. 1967లో కేంద్రప్రభుత్వము దీనిని అంతరించు జంతువుల పట్టికలో చేర్చినది. సంతతి పెరిగినందున 1987లో ఆ పట్టికనుండి తీసివేసిరి. చట్టము చేత ఒక జీవి తిరిగి బ్రతికినదనుటకు ఇంతకంటె మంచి నిదర్శనము దొరకదు.

ఇంతవరకు వినిన శ్రోతలకు ఈ వనము క్షేమముగా ఉన్నదని తోచవచ్చును. నాకును అట్లే తోచినది. దారి చివర వేచియున్న మూడవ లోకమును చూచిన పిమ్మట ఆ తలపు మారినది.

చెట్లు ఒక్కసారిగా ఆగిపోయినవి. కంటికానినంతవరకు గడ్డి, జమ్ము, ఆకాశము. పార్కు ఉద్యోగి యొకరు అచట నిలిచి, వచ్చినవారికి వివరించుచుండిరి. దూరమునకు పచ్చిక బయలువలె కనిపించునది నిజముగా నేల కాదని వారు చెప్పిరి. గడ్డివేళ్లు ఒకదానితో నొకటి పెనవేసుకొని చాపవలె నీటిపై తేలుచున్నవి. నీరు పెరిగినపుడు ఆ చాప లేచును, తగ్గినపుడు దిగును. ఫ్రెంచివారు దానికి ఫ్లోటాంట్ అని పేరు పెట్టిరి. ఆ తేలు బయలునకు అవతల నీటిలో ఆకులేని మానులు కొన్ని కనిపించినవి. అవి ఎందుచేత చచ్చినవని అడిగితిని. “ఈ నేలను నది ఇచ్చింది. ఇప్పుడు ఇవ్వడం మానేసింది,” అని అర్థమిచ్చునట్లు వారు ఒక్క వాక్యమున సమాధానము చెప్పిరి. తరువాత తీరికగా వివరించిరి.

డెల్టావాసులకు ఆ వివరణము కష్టమైనది కాదు. దక్షిణ లూసియానా తీరమంతయు గడచిన ఏడువేల సంవత్సరములలో మిసిసిపీ తెచ్చిపోసిన ఒండ్రు. వరద గట్టు పొర్లినపుడు బరువైన ఇసుక అంచుననే పడి మెరకయగును. సన్నని బంకమట్టి దూరముగా పోయి పల్లములో పరచుకొనును. సింధూరముల మెరక, సైప్రస్‌ల పల్లము ఏర్పడినది ఇట్లే. ఐతే ఒండ్రునేల స్థిరముగా ఉండునది కాదు. తన బరువునకు తానే అణగుచు ఏటేట కొంచెము కుంగును. వరద వచ్చి క్రొత్త పొర వేసినంతకాలము కుంగిన దానికి పూడిక సరిపోవును. వరద రాకున్నచో కుంగుటయే మిగులును.

1927లో మిసిసిపీ వరద లక్షలాది ప్రజలను నిరాశ్రయులను చేసినది. మరుసటి సంవత్సరము అమెరికా కాంగ్రెసు వరదల నివారణకు శాసనము చేసినది. దానితో నదికి ఇరువైపుల బలమైన గట్లు సముద్రము దాక సాగినవి. ప్రజల ప్రాణములు దక్కినవి. ఆ గట్లను నిందించుటకు నాకు నోరు రాదు. గట్టు లేనిచో మా ఊరును ఉండదు. కాని గట్టు ఊరికి అడ్డుపెట్టిన నీటితోపాటు చిత్తడికి అందవలసిన మట్టిని కూడ అడ్డుపెట్టినది. ఎగువనున్న ఆనకట్టలు ఆ మట్టిలో చాలభాగమును వెనుకనే ఆపివేసినవి. మిగిలినది గట్ల నడుమ జారి, లోతైన సముద్రమున పడుచున్నది.

దీనికి తోడు చమురు, సహజవాయువు వెలికితీయువారు చిత్తడిలో వేలకొలది మైళ్ల కాలువలు తవ్విరి. ఆ కాలువలవెంట ఉప్పునీరు లోనికెక్కినది. ఉప్పు తగిలిన సైప్రస్ నిలువుననే ఎండిపోవును. 1930లలో ఉన్నికొరకు దక్షిణ అమెరికానుండి తెచ్చిన న్యూట్రియా అను పెద్ద నీటి ఎలుకలు వ్యాపించి, గడ్డిని వేళ్లతో సహా కొరికివేయుచున్నవి. మన చెరువులకు పట్టిన గుర్రపుడెక్క అచటి బయూలకును పట్టినది. సముద్రమట్టము పెరుగుచున్నది. 1932నుండి 2016వరకు లూసియానా తీరము సుమారు 1,900 చదరపు మైళ్ల నేలను కోల్పోయినదని అమెరికా భూగర్భ పరిశీలన శాఖ లెక్కగట్టినది. 1932లోనున్న తీరపునేలలో ఇది సుమారు నాలుగవ వంతు.

అన్నిటికంటె నా మనసును కలచిన మాట మరియొకటి కలదు. సైప్రస్ నీటిలో బ్రతుకగలదుగాని నీటిలో పుట్టలేదు. దాని విత్తు మొలకెత్తవలెనన్నచో కొంతకాలమైనను నీరు తీసి తడినేల బయటపడవలెను. నేల కుంగి నీరు నిలువయైన చోట పెద్దచెట్లు పచ్చగానే కనిపించును. వాని క్రింద ఒక్క మొక్కయు మొలవదు. చూచువాడు అడవి చక్కగా ఉన్నదని మెచ్చుకొని పోవును. ఆ అడవికి మాత్రము సంతానము లేదు. తిరిగి వచ్చునపుడు నేను చెట్లపైకి చూచుట మాని, వాని మొదళ్ల వద్ద పసిమొక్కలు ఉన్నవా అని వెదకుచు నడచితిని. కొన్నిచోట్ల ఉన్నవి. కొన్నిచోట్ల నల్లని నీరు మాత్రమే ఉన్నది.

ప్రజలు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. వనములోని కొన్ని పాత కాలువలను, అంచులనున్న మట్టికట్టలను తిరిగి లోనికి నెట్టి పార్కువారు పూడ్చిరి. 2002లో డేవిస్ పాండ్ అనుచోట గట్టుకు తూము పెట్టి, నది మంచినీటిని బరటారియా పల్లములోనికి వదలిరి. దాని శక్తి 10,650 క్యూసెక్కులు. ఉప్పును వెనుకకు నెట్టుట దాని ముఖ్యోద్దేశము. ఒండ్రును కూడ పెద్దయెత్తున తేవలెనని మరియొక మహాసంకల్పము చేసి, 2023 ఆగస్టులో పని ఆరంభించిరి. దీని శక్తి 75,000 క్యూసెక్కులు. వ్యయము సుమారు 300 కోట్ల డాలర్లు. 2010లో సముద్రమున జరిగిన చమురు ప్రమాదమునకు వసూలైన నష్టపరిహారమునుండి ఆ ధనము రావలసియుండెను.

ఐతే దిగువనున్న అఖాతములో ఆలిచిప్పలు పట్టువారు, రొయ్యలు పట్టువారు తరతరములుగా జీవించుచున్నారు. మంచినీరు వరదగా వచ్చి పడినచో ఆలిచిప్పలు చచ్చును. రొయ్యలు దూరముగా పోవును. అచటి డాల్ఫిన్లకును హాని కలుగును. మా పొట్టలు కొట్టి నేలను నిలబెట్టుదురా అని వారు ఎదురు తిరిగిరి. నేల లేనిచో ఆ రొయ్యపిల్ల పెరుగు గడ్డిమడుగే ఉండదని శాస్త్రజ్ఞులు సమాధానము చెప్పిరి. ఇరువురి మాటలోను సత్యమున్నది. వ్యయము పెరిగినదని, మత్స్యకారులు నష్టపోవుదురని చెప్పి రాష్ట్ర ప్రభుత్వము 2025 జులైలో ఆ పనిని రద్దుచేసినది. ఈ నడుమనే, 2021 ఆగస్టు 29న ఐడా అను తుపాను ఆ ప్రాంతముపై విరుచుకొనిపడి, వనములోని చెక్కబాటలను పాడుచేసి, తేలు బయళ్లను ఛిన్నాభిన్నము చేసినది.

ఈ కథ మనకు దూరమైనది కాదు. బరటారియా ఉద్యానము ఏర్పడిన 1978వ సంవత్సరముననే మన కోరింగ మడ అడవిని అభయారణ్యముగా ప్రకటించిరి. దాని విస్తీర్ణము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అచటను చెక్కబాట కలదు. బావురుపిల్లులు, నీటికుక్కలు కలవు. తెల్లమడ, తిల్ల చెట్ల మొదళ్లవద్ద అదే బురద కలదు. ఆ బురద గోదావరి ఇచ్చినది. ఎగువను జాయక్వాడి, శ్రీరాంసాగర్ వంటి జలాశయములు వెలసిన పిమ్మట నది సముద్రమునకు చేర్చు ఒండ్రు తగ్గినది. ఆ జలాశయముల నీటితో పండిన అన్నమును మనమే తినుచున్నాము గనుక వానిని వలదనుట సులభము కాదు. కాని కోరింగకు పోయినవారు మడచెట్ల పచ్చదనమును మెచ్చుకొనుటతో ఆగక, ఈ ఏడు వాని క్రిందికి ఎంత మట్టి వచ్చినదని కూడ అడుగవలెను. ఆ ప్రశ్న అడుగవలెనని నాకు నేర్పినది బరటారియా.

ఆ సాయంకాలము మేము మరల మిసిసిపీ గట్టెక్కితిమి. ప్రొద్దు క్రుంకుచున్నది. నది ఉదయమున్నంత నిండుగానే, అంత మట్టితోనే పారుచున్నది. మేము చూచి వచ్చిన తేలు బయలు అచటికి కొద్ది మైళ్ల దూరముననే ఉన్నది. నదిలో మట్టి ఉన్నది. వనమునకు మట్టి కావలసియున్నది. నడుమ మేము నిలుచున్న గట్టున్నది. ఆ గట్టుకు క్రింద వేలకొలది ఇండ్లలో దీపములు వెలుగుచున్నవి. మేనల్లుడు ఎంతోసేపు ఏమియు మాటలాడలేదు. తరువాత, “గట్టు తీయమని ఎవరంటారు మామయ్యా? తూములు ఎన్ని, ఎక్కడ అన్నదే మాట,” అనెను. అతడు చిన్నవాడైనను నాకంటె ముందుగా విషయమును గ్రహించెననిపించినది. మా తాతలు ఏటిగట్టుకు తూము పెట్టునపుడు ఊరంతయు కూడి, ఏ చేనికి ఎంత నీరు అని రోజుల తరబడి వాదించుకొని, చివరకు ఒక మాటకు వచ్చెడివారు. ఆ చేల వరుసలో అడవిని కూడ ఒక చేనుగా చేర్చుకొనువరకు, ఎన్ని ఎకరములకు ఎన్ని చట్టములు చేసినను ఆ అడవి క్రింద నేల నిలువదు.